యానిమేషన్ సీటు కంటే ముందు బొమ్మ గీయడం నేర్పించండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి మా తిరుపతిలో బాలాజీ కాలనీ మొదలు ఎయిర్ బైపాస్ రోడ్డు దాకా ఎక్కడ చూసినా విదేశీ చదువుల ఫ్లెక్సీలే. ఇంజినీరింగ్, ఎంబీఏ పక్కన ఇప్పుడు యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ (సినిమాలో కంప్యూటర్‌తో చేసే దృశ్యాలు), గేమింగ్ కూడా చేరాయి. మీ విద్యా పేజీలోనూ ఆ మధ్య ఈ కోర్సుల గురించి రాశారు. ఏ దేశంలో ఏ కోర్సు ఉందో వివరంగానే ఇచ్చారు గానీ, అడ్మిషన్ దేన్ని చూసి ఇస్తారన్న ముఖ్యమైన మాట అందులో లేదు. నేను కెనడాలోని ఒంటారియోలో ఒక ప్రభుత్వ కాలేజీలో యానిమేషన్ డిగ్రీ చదువుతున్నాను. మూడో సంవత్సరం పూర్తిచేసి సెలవులకు ఇంటికి వచ్చాను. మాది కొర్లగుంట. మా నాయన ఆర్టీసీలో కండక్టరు, అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. చంద్రగిరి దగ్గర ఉన్న ఒకే ఒక్క ఇంటి స్థలాన్ని బ్యాంకులో పెట్టి నన్ను పంపించారు. మాలాంటి ఇళ్ళ నుంచి వెళ్ళే పిల్లల కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న మా పిన్ని కొడుకును వెంటబెట్టుకుని ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాను. తమ్ముడు ఎంపీసీ చదివాడు, యానిమేషన్ అంటే ప్రాణం. కూర్చోగానే మార్కుల మెమో అడిగారు. పాస్‌పోర్టు ఉందా, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష ఎప్పుడు రాస్తావు, నాన్నగారు ఏం చేస్తారు, ఆస్తి ఎంత చూపించగలరు అన్నారు. నువ్వు బొమ్మలు వేస్తావా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. పోర్ట్‌ఫోలియో, అంటే కాలేజీకి చూపించాల్సిన మన సొంత బొమ్మల సంగతేమిటి సార్ అని నేనే కల్పించుకున్నాను. "ఇప్పుడంతా కంప్యూటరేనమ్మా, చేత్తో ఎవరు గీస్తున్నారు? ఒకవేళ కాలేజీవాళ్ళు అడిగితే అది కూడా మేమే చేయించి పెడతాం, ప్యాకేజీలోనే ఉంటుంది" అన్నారాయన. వాడి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం భయం వేసింది. వేరేవాళ్ళు గీసిన బొమ్మలతో సీటు తెచ్చుకున్న పిల్లవాడు మొదటి వారం క్లాసులో ఏం చేస్తాడు? అక్కడ పెన్సిల్ పట్టుకోవాల్సింది వాడే కదా.

విదేశాల్లో మంచి పేరున్న యానిమేషన్ డిగ్రీల్లో చాలావరకు సీటు వచ్చేది పోర్ట్‌ఫోలియో మీదే. మార్కులు, ఇంగ్లిష్ స్కోరు ఉండాలి, కాదనను. కానీ అవి గుమ్మం దాకా తీసుకెళ్తాయి, అంతే. లోపలికి రానిచ్చేది మన గీత. ఎదురుగా ఉన్న మనిషిని చూసి వేసిన బొమ్మలు కావాలంటారు. చేతులు రకరకాలుగా వేసి చూపించమంటారు. ఒక గదిని పర్‌స్పెక్టివ్, అంటే దూరం దగ్గరల తేడా తప్పకుండా గీయమంటారు. ఒకే పాత్రను ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి తిప్పి వేయమంటారు. చిన్న కథ ఇచ్చి దాన్ని వరుస బొమ్మల్లో చెప్పే స్టోరీబోర్డు చేయమంటారు. ఫొటో చూసి దించిన హీరోల ముఖాలు, జపాన్ యానిమే పాత్రల కాపీలు ఎన్ని పెట్టినా వాటికి విలువ ఉండదు. ఇదంతా నెల రోజుల్లో తయారయ్యేది కాదు. గీత అలవాటు లేని పిల్లలకు ఏడాది పైనే పడుతుంది. వెళ్ళే దేశం ఏదో తేలాక మొదలుపెడదామంటే అప్పటికే ఆలస్యం.

కంప్యూటర్ ఉండగా చేత్తో గీయడం ఎందుకని చాలామంది అడుగుతుంటారు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. చేత్తో వేసే యానిమేషన్‌లో మామూలుగా ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలుపుతారు, అంటే సెకను కదలికకు 12 బొమ్మలు. త్రీడీలో ఒక భంగిమకూ ఇంకో భంగిమకూ మధ్య వచ్చే బొమ్మలను కంప్యూటర్ పూరిస్తుంది, నిజమే. అయితే ముఖ్యమైన భంగిమలు ఏవి, బరువు ఏ కాలి మీద పడింది, చెయ్యి లేవకముందు భుజం ఎంత దిగాలి అన్నవి మనిషే తేల్చాలి. అవి తేల్చలేకపోతే మాయా, టూన్‌బూమ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఎన్ని ఉన్నా తెర మీద పాత్ర నేలను తాకకుండా తేలిపోతున్నట్టు కనిపిస్తుంది. మా కాలేజీలో మొదటి ఏడాదంతా లైఫ్ డ్రాయింగ్, అంటే ఎదురుగా నిలబడ్డ మోడల్‌ను చూసి గీయడం, వదలకుండా చేయించారు. మోడల్ ముప్పై సెకన్లకో భంగిమ మారుస్తారు. కళ్ళు, ముక్కు వేద్దామనుకునేలోపే పోజు అయిపోతుంది. వెన్నెముక ఎటు వంగింది, నడుము ఎటు ఒరిగింది, బరువు ఎక్కడుంది అన్న మూడు నాలుగు గీతలే కాగితం మీద పడాలి. ప్రొఫెసర్ వెనక నిలబడి బొమ్మ బాగుందా లేదా అనరు. "ఈ మనిషి పడిపోతాడు" అంటారు. చూస్తే నిజంగానే మనం వేసిన మనిషికి కాళ్ళ కింద ఆనిక ఉండదు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, ఏ కన్సల్టెన్సీ చెప్పదు కాబట్టి. లైఫ్ డ్రాయింగ్ క్లాసులో మోడల్స్ చాలాసార్లు ఒంటి మీద బట్టలు లేకుండా నిలబడతారు. మన ఇళ్ళలో పెరిగిన పిల్లలకు మొదటి రోజు తల ఎత్తాలంటేనే కష్టంగా ఉంటుంది. గీయడంలో పడ్డాక ఆ ఊసే గుర్తుండదు. శరీర నిర్మాణం తెలియాలంటే డాక్టర్లకు ఎలాగో మాకూ అలాగే అది తప్పదు. క్లాసులో గౌరవంగా ఉండాలని కట్టుదిట్టమైన నియమాలు ఉంటాయి, ఫొటోలు తీయడం నిషేధం. అమ్మానాన్నలకు ఈ విషయం ముందే తెలియాలి. తెలియక, మొదటి నెలలో ఇంట్లో ఏం చెప్పాలో తోచక ఒంటరిగా ఏడ్చిన అమ్మాయిలను నేను చూశాను. నేను మా అమ్మకు బయలుదేరకముందే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "గుళ్ళో శిల్పాలు చెక్కినవాళ్ళు కూడా చూసే కదా చెక్కుంటారు" అంది. అంతటితో మా ఇంట్లో ఆ సంగతి తేలిపోయింది.

బొమ్మ నేర్చుకోవడానికి తిరుపతిని మించిన ఊరు ఏముంటుంది చెప్పండి. నా పోర్ట్‌ఫోలియోలో చాలా పేజీలు అలిపిరి మెట్ల మీద నిండినవే. దారిలో 3,550 మెట్లు, దేశం నలుమూలల నుంచి వచ్చిన మనుషులు, ప్రతి ఒక్కరి నడకా వేరు. మోకాళ్ళ పర్వతం దగ్గర కూర్చుంటే మనిషి ఒంట్లో అలుపు ఎక్కడెక్కడ చేరుతుందో కళ్ళారా చూడొచ్చు. మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ ఎక్కే ఒక పెద్దావిడను వరుసగా గీశాను. గిన్నెలు పట్టుకుని కూతురు పక్కన నడుస్తోంది. ఆవిడ వంగేటప్పుడు ముందు చెయ్యి వెళ్తుంది, దాని వెనక తల, ఆ తర్వాతే నడుము. లేచేటప్పుడు క్రమం మారిపోతుంది. ఎడమ చెయ్యి మోకాలి మీద ఆనించి నొక్కుతుంది, మోచెయ్యి బిగుస్తుంది, నడుము కాస్త లేచి ఒక్క క్షణం ఆగుతుంది, చివరికి తల పైకొస్తుంది. చీర కొంగు మాత్రం ఆవిడ నిలబడ్డాక కూడా ఇంకా ఊగుతూనే ఉంటుంది. ఒళ్ళంతా ఒకేసారి కదలదు, ఒకదాని వెనక ఒకటి కదులుతుంది అన్న పాఠాన్ని రెండో సెమిస్టర్‌లో క్లాసులో చెప్పారు. అప్పటికే ఆ సంగతి నాకు అలిపిరి మెట్ల మీద తెలుసు. నేను చేరాక ఒక ప్రొఫెసర్ ఆ పేజీని గుర్తుపెట్టుకుని, ఈవిడ ఎక్కడికి ఎక్కుతోంది అని నన్ను అడిగారు. ఆర్టీసీ బస్టాండులో సామాన్ల మీద తలపెట్టి పడుకున్న యాత్రికులు, ఎస్వీ జూపార్కులో పులి భుజాలు లేచి పడే తీరు, గుండు చేయించుకున్నాక పదే పదే తల తడుముకునే పిల్లలు, ఇవన్నీ ఇక్కడ పైసా ఖర్చు లేకుండా దొరికే పాఠాలు.

ఇక డబ్బు, వీసా సంగతులు. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతింటున్నది వీటి దగ్గరే.

మా వీధిలో ఒకబ్బాయి నాకంటే ఏడాది ముందు కెనడా వెళ్ళాడు. ఒక ప్రైవేటు సంస్థలో ఏడాది డిప్లొమా. పోర్ట్‌ఫోలియో గట్టిగా చూడలేదు, సీటు వెంటనే వచ్చింది, ఇంట్లో అందరూ సంతోషించారు. చదువు అయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే పర్మిట్ ఆ కోర్సుకు రాదని చివరి నెలల్లో గానీ తెలియలేదు. తిరిగొచ్చేశాడు. ఇక్కడ వాళ్ళ నాన్న కట్టే వడ్డీ మాత్రం ఆగలేదు. కెనడాలో ప్రైవేటు కెరీర్ కాలేజీల్లో చదివినవాళ్ళకు చాలావరకు ఆ వర్క్ పర్మిట్ ఉండదు. అంతేకాదు, 2024 నవంబర్ 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవాళ్ళు ప్రభుత్వ కాలేజీలో డిప్లొమా చదివినా, చదివిన రంగం అక్కడి ప్రభుత్వ జాబితాలో ఉంటేనే వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. బ్యాచిలర్ డిగ్రీకి ఆ జాబితా షరతు లేదు. అంటే ఒకే ఊళ్ళో, ఒకే రకం పాఠాలు చెప్పే రెండు కోర్సుల్లో ఒకటి తీసుకుంటే ఉద్యోగం వెతుక్కునే అవకాశం ఉంటుంది, రెండోది తీసుకుంటే పెట్టె సర్దుకుని రావాలి. ఈ తేడా ఫీజు కట్టకముందే చెప్పాలి. పిల్లలు చేరితే కాలేజీ నుంచి ఏజెంట్లకు కమిషన్ వస్తుందన్నది అందరికీ తెలిసిందే. గీత చూసి ఎంపిక చేసే కోర్సులో సీటుకు ఎవరూ పూచీ ఇవ్వలేరు. అందుకే అలాంటి కోర్సుల పేర్లు వాళ్ళ నోట తొందరగా రావని నా అభిప్రాయం.

ఖర్చు కూడా రెండేళ్ళలో బాగా మారిపోయింది. కెనడా వీసాకు మొదటి ఏడాది ఫీజు కాకుండా బతకడానికి చూపించాల్సిన సొమ్ము 2023 చివరి దాకా 10,000 కెనడా డాలర్లు ఉండేది. 2024 జనవరి 1 నుంచి 20,635 చేశారు, 2025 సెప్టెంబర్ 1 నుంచి 22,895 అయింది. మన లెక్కలో సుమారు 14, 15 లక్షల రూపాయలు. పార్ట్‌టైమ్ చేసుకుంటే ఫీజు వచ్చేస్తుందని ఇక్కడ చెప్పేవాళ్ళను నమ్మొద్దు. తరగతులు జరిగేటప్పుడు కాలేజీ బయట వారానికి 24 గంటలే పని చేయనిస్తారు. ఒంటారియోలో కనీస వేతనం 2025 అక్టోబర్ నుంచి గంటకు 17.60 డాలర్లు. గుణించి చూస్తే బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ అసైన్‌మెంట్ ఇచ్చిన వారం మేం ల్యాబ్‌లోనే తెల్లవారేదాకా కూర్చుంటాం, 24 గంటలు పని చేసే తీరిక ఎక్కడిది? నేను కాఫీ షాపులో వారాంతాల్లో మాత్రమే చేస్తున్నాను. అది గది అద్దెలో కొంత భాగానికి సరిపోతుంది, ఫీజు జోలికి పోదు.

అమెరికా వెళ్ళాలనుకునేవాళ్ళు వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం మీద కోర్సు పక్కన ఉండే కోడ్ చూసుకోవాలి. యానిమేషన్, వీడియో గ్రాఫిక్స్‌కు 10.0304 అనే కోడ్ ఉంది, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సుల జాబితాలో ఉంది. ఆ కోడ్ ఉంటే చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే 12 నెలల ఓపీటీకి తోడు ఇంకో 24 నెలలు దరఖాస్తు చేసుకోవచ్చు. అదే పాఠాలను ఫైన్ ఆర్ట్స్ కోడ్ కింద నడిపే కాలేజీలూ ఉన్నాయి, అక్కడ 12 నెలలతోనే సరి. కోర్సు పేరులో యానిమేషన్ అని ఉన్నంత మాత్రాన చాలదు. జర్మనీలో ఫీజు తక్కువ, లుడ్విగ్స్‌బుర్గ్‌లో పేరున్న ఫిల్మ్ అకాడమీ ఉంది, కానీ జర్మన్ భాష గట్టిగా రావాలి. పారిస్‌లోని గోబెలాన్ 1975 నుంచి యానిమేషన్ నేర్పుతోంది. అక్కడ సీటు కోసం ప్రపంచమంతా పోటీ పడుతుంది.

ఉద్యోగాల గురించి కూడా దాచకుండా చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో సినిమాలకు వీఎఫ్‌ఎక్స్ చేసే టెక్నికలర్ గ్రూప్ కుప్పకూలింది. అందులోని మూవింగ్ పిక్చర్ కంపెనీ లాంటి పెద్ద స్టూడియో మూతపడింది. బెంగళూరు, ముంబైల్లో ఆ గ్రూపులో పనిచేస్తున్న వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. మా సీనియర్లలో బాగా గీసేవాళ్ళు కూడా నెలల తరబడి కాంట్రాక్టు కోసం ఎదురుచూస్తున్నారు. ఈ రంగంలో పని ప్రాజెక్టు ప్రాజెక్టుకూ దొరుకుతుంది, మధ్యలో ఖాళీలు ఉంటాయి. ఏఐ వల్ల కింది స్థాయి పనులు తగ్గుతాయేమోనని మా క్లాసులో అందరికీ టెన్షనే. ఇంత జరుగుతున్నా నేను ఈ చదువు మానను, ఇష్టం ఉన్న పిల్లలను మానమనీ చెప్పను. నా బొమ్మ మొదటిసారి లేచి నడిచిన రాత్రి నాకు కలిగిన సంతోషం ఇంకే పనిలోనూ రాలేదు. కానీ నలభై, యాభై లక్షల అప్పు తలమీద పెట్టుకునే ఇంటికి ఈ సంగతులన్నీ ముందే తెలిసి ఉండాలి. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న పిల్లల ఫొటోలు చూసి స్థలాలు తాకట్టు పెట్టకూడదు.

అంత అప్పు మోయలేని వాళ్ళకు మన దేశంలోనే దారులు ఉన్నాయి. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ), ఐఐటీ బాంబేలోని డిజైన్ విభాగం ఐడీసీ ఎప్పటి నుంచో యానిమేషన్ నేర్పుతున్నాయి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇక్కడ డిగ్రీ చేసి, రెండేళ్ళు పనిచేసి, అప్పుడు పైచదువుకు వెళ్తే ఖర్చూ తగ్గుతుంది, ఏం కావాలో పిల్లలకూ స్పష్టంగా తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ కోసం లక్షలు పోసి కోచింగ్‌లో చేరాల్సిన పని లేదు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచితం. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా సినిమాను దానితోనే చేశారు.

దేశంలో చదివినా విదేశంలో చదివినా మొదట గీయడం రావాలి. మన దగ్గర పిల్లలకు అది ఎప్పుడు నేర్పుతున్నాం? హైస్కూల్లో మా డ్రాయింగ్ మాస్టారు ఉండబట్టి నేను లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు రాశాను. ఇప్పుడు చాలా బడుల్లో డ్రాయింగ్ పీరియడ్ వస్తే లెక్కల టీచరు వచ్చి కూర్చుంటున్నారు. ఇంటర్‌కు వచ్చేసరికి పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. మా తమ్ముడు హాస్టల్లో నోటు పుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు వేశాడని, ఇంట్లోవాళ్ళను పిలిపించి మరీ కాగితాలు చింపేశారు. అదే పిల్లవాడికి రెండేళ్ళ తర్వాత పోర్ట్‌ఫోలియో తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తాడు?

తిరుపతిలో ఇందుకు చోటు లేకపోలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే ఎస్వీ సంప్రదాయ ఆలయ శిల్ప శిక్షణ సంస్థ మన ఊళ్ళోనే ఉంది. శిలా శిల్పం, సుధ శిల్పం, లోహం, కొయ్య, సంప్రదాయ వర్ణచిత్రలేఖనం, కళంకారి అన్నీ అక్కడ నేర్పుతారు. ముఖాన్ని కొలతగా తీసుకుని విగ్రహం మొత్తాన్ని తాళాల లెక్కన కట్టే పద్ధతి అక్కడి పిల్లలకు కొట్టిన పిండి. మా కాలేజీలో ఒక పాత్ర ఎన్ని తలల ఎత్తు ఉండాలో లెక్కగట్టి మోడల్ షీటు గీయించినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ తాళమానమే. ఆ గురువుల దగ్గర సాయంత్రాలు, ఆదివారాలు బయటి పిల్లల కోసం గీత తరగతి ఒకటి పెట్టాలని దేవస్థానం అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పక్కనే శ్రీకాళహస్తిలో కలం పట్టి బట్ట మీద నేరుగా గీసే కళంకారి కళాకారులు ఉన్నారు. రబ్బరుతో చెరపడానికి వీల్లేని గీత వాళ్ళది. నెలకోసారి వాళ్ళను పిలిచి ఆ పిల్లల ముందు గీయించినా ఎంతో మేలు. పెద్ద ఖర్చు కాదు. ఒక హాలు, కాగితాలు, బొగ్గు, కూర్చోవడానికి ఒప్పుకునే మనుషులు ఉంటే చాలు.

మీ విద్యా పేజీని కూడా ఒకటి కోరుతున్నాను. ఈసారి యానిమేషన్ కోర్సుల గురించి రాసేటప్పుడు కాలేజీ పేరు పక్కన పోర్ట్‌ఫోలియో అడుగుతుందా లేదా, చదువయ్యాక పని చేసుకునే పర్మిట్ ఉందా లేదా అన్న రెండు వివరాలు తప్పకుండా ఇవ్వండి. ఫీజు ఎంతో కన్సల్టెన్సీలే చెప్తాయి, ఈ రెండూ మీరు చెప్పాలి.

నేను ఆగస్టు చివరి దాకా తిరుపతిలోనే ఉంటాను. ఈ కోర్సుకు వెళ్ళాలనుకునే ఇంటర్ పిల్లలు ఎవరైనా తమ బొమ్మల పుస్తకం చూపించాలనుకుంటే మీ తిరుపతి కార్యాలయంలో చెప్పి ఉంచమనండి. ఆదివారం పొద్దున్నే వచ్చి చూస్తాను. కాపీ బొమ్మలు తేవొద్దనండి. వాళ్ళ అమ్మ వంటగదిలో పనిచేస్తుండగా వేసినవైనా ఫర్వాలేదు, ఎదురుగా చూసి వేసినవి పది తెస్తే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పగలను.

ఇట్లు,
ఒక యానిమేషన్ విద్యార్థిని,
కొర్లగుంట, తిరుపతి.
(పేరు, చిరునామా పత్రికకు విడిగా తెలియజేశాను. ప్రచురించవద్దని మనవి.)